ఆటగాడికి అన్నం పెట్టిందెవరు? – చైనాలో ఆటలు, డబ్బు, ఉద్యోగ భద్రత

1971లో నేను సర్వీసులో చేరిన కొత్త. మా ఆఫీసు రిక్రియేషన్ క్లబ్బులో ఒక క్యారమ్ బోర్డు, కాళ్ళు కదిలే టేబుల్ టెన్నిస్ బల్ల ఒకటి ఉండేవి. సాయంత్రం అయిదున్నర దాటాక ఆ బల్ల చుట్టూ చేరేవాళ్ళం. ఆ ఏప్రిల్ నెలలో పత్రికల్లో ఒక వార్త వచ్చింది. అమెరికా టేబుల్ టెన్నిస్ జట్టు చైనాకు వెళ్ళిందని. మా హెడ్ క్లర్కు గారు పేపరు మడిచి పెట్టి, "ఏమోయ్, వాళ్ళు పింగ్‌పాంగ్ ఆడి దేశాల మధ్య వర్తకం తెరుస్తున్నారట. మనం ఆడితే ఆఖరి సిటీ బస్సు తప్పిపోతోంది" అన్నారు. అందరం నవ్వాం. చైనాతో మన యుద్ధం అయి అప్పటికి తొమ్మిదేళ్ళే. ఆ దేశం గురించి మాకు తెలిసింది బహు తక్కువ.

రిటైరయ్యాక తీరిక దొరికి ఈ విషయం మీద కొంత చదివాను. చదివిన కొద్దీ నన్ను పట్టుకున్న ప్రశ్న పతకాల గురించి కాదు. ఆడే రోజుల్లో ఆటగాడికి జీతం ఎవరిచ్చారు, ఆట ముగిశాక వాడి సంగతి ఎవరు చూశారు అన్నదే. పెన్షను మీద బతికే మనకు ఈ ప్రశ్న కొత్తది కాదు కదా.

ముందు ఆ 1971 సంగతి చెప్పుకుందాం. జపాన్‌లోని నగోయాలో ప్రపంచ పోటీలు జరుగుతున్నాయి. గ్లెన్ కోవన్ అనే అమెరికా కుర్రాడు పొరపాటునో, కావాలనో చైనా జట్టు బస్సు ఎక్కాడు. అమెరికా వాళ్ళతో మాట్లాడితే ఊరికి వెళ్ళాక ఏమవుతుందోనని చైనా ఆటగాళ్ళు బిగుసుకుని కూర్చున్నారు. మూడుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన జువాంగ్ జెడోంగ్ మాత్రం వెనక సీటు నుంచి లేచి వచ్చి, హువాంగ్‌షాన్ కొండల బొమ్మ ఉన్న పట్టువస్త్రం ఒకటి ఆ కుర్రాడి చేతిలో పెట్టాడు. ఫోటోలు పత్రికల కెక్కాయి. మావో అనుమతితో అమెరికా జట్టుకు ఆహ్వానం వెళ్ళింది. ఏప్రిల్ 10న వాళ్ళు హాంకాంగ్ వైపు నుంచి సరిహద్దు దాటి చైనాలో అడుగుపెట్టారు. 14న ప్రధాని చౌ ఎన్‌లై వాళ్ళకు విందు ఇచ్చిన రోజునే, చైనాతో వ్యాపారం మీద, రాకపోకల మీద ఉన్న ఆంక్షలను సడలిస్తున్నట్లు అధ్యక్షుడు నిక్సన్ ప్రకటించాడు. ఇరవై యేళ్ళకు పైబడిన నిషేధం అది. మరుసటి ఫిబ్రవరిలో నిక్సనే బీజింగ్ వెళ్ళాడు. 1972లో ఆ రెండు దేశాల వర్తకం పది కోట్ల డాలర్లకు లోపు. 2018 నాటికి అది 60,000 కోట్ల డాలర్లు దాటింది. ఇదంతా బంతి మహిమ అనడం అతిశయోక్తే. సోవియట్ యూనియన్‌తో చైనాకు చెడింది, వియత్నాం యుద్ధంతో అమెరికా విసిగింది. తలుపు తీయాలని రెండు పక్షాలకూ అప్పటికే ఉంది. ముందు తట్టేవాడు కావలసి వచ్చింది, అంతే.

మనకూ ఇలాంటిదే చిన్న సంఘటన ఉంది. 1975 ఫిబ్రవరిలో ప్రపంచ టేబుల్ టెన్నిస్ పోటీలు కలకత్తాలో జరిగాయి. వాటి కోసమే నేతాజీ ఇండోర్ స్టేడియం కట్టారు. రాయబారులు లేని ఆ రోజుల్లో చైనా జట్టు వచ్చి ఆడి, పురుషుల, స్త్రీల జట్టు టైటిళ్ళు రెండూ పట్టుకుపోయింది. మరుసటి సంవత్సరం రెండు దేశాలూ మళ్ళీ రాయబారులను పంపుకున్నాయి. మన తరఫున వెళ్ళినవారు కె.ఆర్. నారాయణన్ గారు, తరవాత రాష్ట్రపతి అయినవారు.

ఇంతకూ ఆ జువాంగ్ జెడోంగ్ ఎవరి జీతం తింటున్నాడు? దీనికి కొంచెం వెనక్కు వెళ్ళాలి.

1932లో లాస్ ఏంజలెస్ ఒలింపిక్స్‌కు చైనా నుంచి వెళ్ళిన ఆటగాడు ఒకే ఒక్కడు. పేరు లియు చాంగ్‌చున్, పరుగు పందెగాడు. మంచూరియాను ఆక్రమించిన జపాన్, తాను నిలబెట్టిన కీలుబొమ్మ రాజ్యం తరఫున ఇతణ్ణి పంపాలని చూసింది. అతడు ఒప్పుకోలేదు. ప్రభుత్వం దగ్గర డబ్బు లేదంటే జాంగ్ షుయెలియాంగ్ అనే సేనాని 8,000 వెండి డాలర్లు ఇచ్చాడు. మూడు వారాలు ఓడలో ఊగి దిగినవాడు ఏం పరిగెత్తగలడు? మొదటి రౌండ్లలోనే వెనుదిరిగాడు. తిరుగు ప్రయాణానికి అక్కడి ప్రవాస చైనీయులు చందాలు వేసుకోవలసి వచ్చింది.

1936 బెర్లిన్ ఒలింపిక్స్ నాటి ఫుట్‌బాల్ జట్టు కథ ఇంకా విచిత్రం. ప్రయాణం ఖర్చులు తామే సంపాదించుకోవడానికి వాళ్ళు ముందే బయలుదేరి వియత్నాం, సింగపూరు, జావా, మలయా, బర్మాల మీదుగా టిక్కెట్టు మ్యాచ్‌లు ఆడుకుంటూ వచ్చారు. మన కలకత్తాలోనూ ఆడారు. మొత్తం 27 ఆటలు, ఒక్కటీ ఓడలేదు. కెప్టెన్ లీ వాయ్ టోంగ్ హాంకాంగ్ వాడు. ఆ వసూళ్ళతో బెర్లిన్ చేరి, అలసిన కాళ్ళతో బ్రిటన్ చేతిలో 2–0తో ఓడిపోయారు. ఊరూరా తిరిగే మన సురభి నాటక సమాజం వంటి బతుకు వాళ్ళది. ఆడితేనే కూడు.

1949 తరవాత ఆ బతుకు పూర్తిగా మారింది. 1952లో ప్రభుత్వం క్రీడల కమిషన్ పెట్టి, హె లోంగ్ అనే పేరుమోసిన సేనానిని దానికి అధిపతిని చేసింది. సోవియట్ పద్ధతిలో జిల్లాల్లో క్రీడా పాఠశాలలు, వాటి పైన రాష్ట్ర జట్లు, అన్నిటికీ పైన జాతీయ జట్టు ఏర్పడ్డాయి. ఏడెనిమిదేళ్ళ పిల్లల చేతులు, భుజాలు కొలిచి ఎంపిక చేసేవారు. ఎంపికైనవాడికి తిండి, బట్ట, వసతి, నెల జీతం అన్నీ సర్కారువే. ఆట వయసు దాటితే ఏదో ఒక ఫ్యాక్టరీలోనో, బడిలోనో, ఆఫీసులోనో పని చూపించే బాధ్యతా సర్కారుదే. చైనావాళ్ళు పర్మనెంటు ఉద్యోగాన్ని 'ఇనుప అన్నపు గిన్నె' అంటారు. మట్టి గిన్నెలా పగలదు, జీవితాంతం అందులో అన్నం ఉంటుంది. మన వాళ్ళు 'సర్కారు కొలువు' అనడంలో ఉన్న నిశ్చింత ఆ మాటలో ఉంది.

గిన్నె ఇనుపదే గాని పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ చల్లగా ఉండేది కాదు. హాంకాంగ్‌లో పుట్టి 1957లో చైనాకు వచ్చిన రోంగ్ గువోతువాన్, 1959లో డోర్ట్‌మండ్‌లో టేబుల్ టెన్నిస్ గెలిచి, ఏ ఆటలోనైనా చైనాకు మొదటి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ ఉత్సాహంతోనే 1961 పోటీలు బీజింగ్‌లో జరిపారు, కొత్తగా వర్కర్స్ జిమ్నాసియం కట్టి మరీ. దేశంలో కోట్ల మంది కరువుతో అలమటిస్తున్న కాలం అది. సాంస్కృతిక విప్లవం వచ్చేసరికి హాంకాంగ్ పుట్టుకే రోంగ్‌కు నేరమైంది. గూఢచారి అన్న నింద మోయలేక 1968లో ఉరి వేసుకున్నాడు. జువాంగ్ కూడా ఒక దశలో క్రీడామంత్రి స్థాయికి ఎదిగి, 1976 తరవాత నిర్బంధంలో ఏళ్ళు గడిపాడు.

డెంగ్ షియావోపింగ్ సంస్కరణల తరవాత చైనా 1984 లాస్ ఏంజలెస్ ఒలింపిక్స్‌కు వెళ్ళింది. మొదటి రోజునే పిస్తోలు షూటింగ్‌లో షు హైఫెంగ్ బంగారు పతకం తెచ్చాడు. ఇతగాడు అన్‌హుయ్ రాష్ట్రంలో ఒక సహకార సంఘం కొట్లో ఎరువులు అమ్మే గుమాస్తా. ఈ వాక్యం చదివి మన సహకార శాఖ మిత్రులు కాలరు ఎగరేస్తే తప్పు లేదు. ఆ ఏడు చైనాకు 15 బంగారు పతకాలు వస్తే, జిమ్నాస్ట్ లీ నింగ్ ఒక్కడే మూడు తెచ్చాడు.

ఆ జట్టుతోపాటు ఇంకొకటి కూడా వెళ్ళింది. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో ఒక చిన్న సారా బట్టీవారు కొత్తగా చేసిన జియాన్‌లిబావో అనే శీతల పానీయం. చైనా ఆటగాళ్ళు తాగే మాయ నీళ్ళు ఏవో ఉన్నాయని జపాన్ పత్రికలు రాశాయి. డబ్బా అమ్మకాలు ఆకాశాన్నంటాయి. ఆటగాడి చెమటకు బజారులో ధర ఉందని చైనాలో తెలిసింది అప్పుడే అనుకోవచ్చు. 1988 సియోల్‌లో లీ నింగ్ రింగుల మీద నుంచి జారి పడ్డాడు. నిన్నటి దేవుడు నేటి ద్రోహి అయ్యాడు. అలా రిటైరైనవాడు మామూలుగా ఏ కోచ్ ఉద్యోగంలోనో చేరాలి. అతడు జియాన్‌లిబావో కంపెనీలో చేరి, 1990లో తన పేరుతోనే ఆట దుస్తుల వ్యాపారం మొదలుపెట్టాడు. ఆ ఏడు బీజింగ్ ఆసియా క్రీడల జ్యోతియాత్రలో ఆ బట్టలే వేశారు. (ఆ క్రీడల్లోనే మన చెడుగుడు మొదటిసారి పోటీకి వచ్చింది. మనకు దక్కిన ఒకే ఒక బంగారు పతకం దానిలోదే.) 2004లో ఆ కంపెనీ హాంకాంగ్ షేరు మార్కెట్టు ఎక్కింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్ జ్యోతి వెలిగించినవాడు కూడా ఆయనే. 2019లో మన పి.వి. సింధు, కిదాంబి శ్రీకాంత్ ఆ కంపెనీతోనే ఒప్పందం చేసుకున్నారు. సింధుది నాలుగేళ్ళకు 50 కోట్ల రూపాయల ఒప్పందమని పత్రికలు రాశాయి. 2020లో గల్వాన్ లోయలో ఘర్షణ జరిగాక గాలి మారింది. 2021 టోక్యో ఒలింపిక్స్‌కు ముందు భారత జట్టు దుస్తుల మీద ఆ కంపెనీ పేరు తీసేశారు. వర్తకానికి తలుపు తీసిన ఆటే సరిహద్దులో చెడితే మొదట మూతపడే తలుపు కూడా అవుతుంది.

అదే చైనా జాతివారు ఉన్న హాంకాంగ్, తైవాన్‌లలో ఇనుప గిన్నె ఎప్పుడూ లేదు. షాంఘైలో తెల్లదొరల గుర్రప్పందాల మైదానాన్ని కమ్యూనిస్టులు ప్రజల పార్కుగా, కూడలిగా మార్చేశారు. హాంకాంగ్‌లోని హ్యాపీ వ్యాలీలో మాత్రం పందాలు సాగుతూనే ఉన్నాయి. 1997లో ఆ నగరం చైనాకు తిరిగి వచ్చాక కూడా గుర్రాలు పరిగెడుతూనే ఉంటాయని డెంగ్ హామీ ఇచ్చాడు, నిలబడింది కూడా. అక్కడి జాకీ క్లబ్బు పన్ను కట్టడంలోనూ, దానధర్మాల్లోనూ ముందుంటుంది. ఒక విశ్వవిద్యాలయానికే దాని డబ్బు పునాది. మన మలక్‌పేట రేసుల్లో జీతం పోగొట్టుకున్న పెద్దమనిషి ఒకాయన నాకు తెలుసు. ఆయన డబ్బు ఏ బడి కట్టిందో మాత్రం తెలియదు. ఇక తైవాన్ వాళ్ళకు జపాన్ పాలన నాడు అంటుకున్న బేస్‌బాల్ ప్రాణం. 1990లో అక్కడ వృత్తి లీగు మొదలైతే జట్లు చాలావరకు తిండి సరుకుల కంపెనీల పేర్లతో, హోటళ్ళ పేర్లతో పుట్టాయి. ఏడేళ్ళలోపే జూదగాళ్ళతో కుమ్మక్కైన ఆటగాళ్ళు బయటపడి లీగు కుప్పకూలినంత పనైంది.

ఆ రోగమే ప్రధాన భూభాగానికీ పాకింది. 1994లో చైనా ఫుట్‌బాల్ లీగు వృత్తి లీగు అయింది. దాని మొదటి ప్రధాన స్పాన్సరు ఒక అమెరికా సిగరెట్టు బ్రాండు, మార్ల్‌బొరో. మొదటి చాంపియన్ దాలియన్ వాండా, ఇళ్ళు కట్టి అమ్మే కంపెనీ జట్టు. ఇళ్ళ వ్యాపారులు ఫుట్‌బాల్ మీద ఎందుకు పడ్డారంటే, నగర పాలకులకు జట్టంటే ముచ్చట, పాలకుల చేతిలో భూములున్నాయి. 2010లో గ్వాంగ్‌జౌ జట్టును కొన్న ఎవర్‌గ్రాండ్ కంపెనీ డబ్బు నీళ్ళలా పోసింది. ఇటలీకి ప్రపంచ కప్పు తెచ్చిపెట్టిన కోచ్ లిప్పిని తెచ్చుకుంది. ఎనిమిదిసార్లు లీగు, రెండుసార్లు ఆసియా కప్పు గెలిచింది. లక్ష సీట్ల స్టేడియానికి 2020లో శంకుస్థాపన చేసింది. మరుసటి ఏడాదికల్లా కంపెనీయే 30,000 కోట్ల డాలర్ల అప్పులో మునిగింది. 2020 నవంబరులో లీగు గెలిచిన జియాంగ్సు జట్టును దాని యజమాని సునింగ్ కంపెనీ మూడు నెలలకే మూసేసింది. చాంపియన్లకు మరుసటి నెల జీతం లేదు! మన డి.ఏ. బకాయిలు నాలుగు కిస్తీల్లోనైనా వస్తాయని మనం విసుక్కుంటాం, వాళ్ళకు ఆ కిస్తీలూ లేవు. 2025 జనవరిలో గ్వాంగ్‌జౌ జట్టు కూడా పాత అప్పులు తీర్చలేక లీగు నుంచి తొలగిపోయింది. లంచాల కేసుల్లో ఫుట్‌బాల్ సంఘం మాజీ అధ్యక్షుడికి 2024 మార్చిలో యావజ్జీవం, జాతీయ జట్టు మాజీ కోచ్‌కు అదే ఏడు డిసెంబరులో ఇరవై యేళ్ళు శిక్ష పడ్డాయి. పురుషుల జట్టు ప్రపంచ కప్పుకు వెళ్ళింది ఒక్క 2002లోనే. అప్పుడూ ఒక్క గోలు కొట్టలేదు.

సొంత కాళ్ళ మీద నిలబడగలిగినవాళ్ళూ లేకపోలేదు. టెన్నిస్ క్రీడాకారిణి లీ నా సంపాదనలో 65 శాతం వరకు సర్కారు తీసుకునేది. శిక్షణ ఖర్చు మేమే పెట్టాం కదా అనేది వాళ్ళ వాదన, అది పూర్తిగా అన్యాయమనీ అనలేం. 2008 చివర ఆమెతోపాటు కొందరికి సొంత కోచ్‌ను పెట్టుకోవడానికి అనుమతి దొరికింది. అప్పటినుంచి ఆమె కట్టవలసింది 8 నుంచి 12 శాతం. 2011లో ఫ్రెంచి ఓపెన్, 2014లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది.

టెన్నిస్‌కు బజారుంది. బరువులెత్తడానికి ఎక్కడుంది? ఈ వ్యాసం రాయాలనిపించింది అసలు ఈ మాట కోసమే.

1990లలో చైనా సర్కారు నష్టాల ఫ్యాక్టరీలను మూసింది. 1998 తరవాతి అయిదారేళ్ళలో రెండు కోట్లకు పైగా ఉద్యోగులు ఇంటికి వెళ్ళారు. ఇనుప గిన్నె పగిలిందని వాళ్ళే చెప్పుకున్నారు. ఆ దెబ్బ ఆటగాళ్ళకు రెట్టింపు తగిలింది. రిటైరైన లిఫ్టరుకు పని చూపించమంటే, మాకున్నవాళ్ళకే పని లేదు అన్నాయి ఫ్యాక్టరీలు. చేతిలో చదువా లేదు, చిన్నప్పటినుంచీ వ్యాయామశాలే బడి.

ట్సాయ్ లీ అనే హెవీవెయిట్ లిఫ్టరు 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చినవాడు. ఆట ముగిశాక లియావోనింగ్ రాష్ట్ర క్రీడా సంస్థలో గేటు దగ్గర కాపలా ఉద్యోగం ఇచ్చారు. ఒకప్పుడు ఎత్తడం కోసం పెంచిన శరీరమే తరవాత భారమైంది. ఊపిరితిత్తుల జబ్బుతో 2003 మే 31న పోయాడు, 33 యేళ్ళకు. అప్పుడు ఇంట్లో ఉన్నవి 300 యువాన్లని పత్రికలు రాశాయి.

జిలిన్ రాష్ట్రానికి చెందిన జౌ చున్‌లాన్ జాతీయ చాంపియన్. 1993లో రిటైరై జట్టు వంటశాలలో పని చేసింది. 2000లో 80,000 యువాన్లు చేతిలో పెట్టి పంపేశారు. మన మాటల్లో గోల్డెన్ షేక్‌హాండ్. మూడో తరగతి చదువు మించి తనకు లేదని ఆమే చెప్పింది. ఆడే రోజుల్లో ఇచ్చిన మందుల వల్ల మొహాన గడ్డం మొలిచింది. చివరకు చాంగ్‌చున్ నగరంలో ఒక స్నానశాలలో ఆడవాళ్ళ వీపులు రుద్దే పనిలో కుదిరింది. ఒక్కొక్కరికి ఆమెకు దక్కేది యువానున్నర.

ఇక్కడ నాకు మన కరణం మల్లీశ్వరి గుర్తుకు వస్తుంది. 2000 సిడ్నీలో ఆమెకు కంచు పతకం వచ్చిన ఆ పోటీలోనే బంగారం నెగ్గింది చైనా అమ్మాయి లిన్ వెయ్‌నింగ్. ఇద్దరి మధ్య తేడా రెండున్నర కిలోలు. చైనా ఏర్పాట్లలో వందో వంతు కూడా ఆమదాలవలస పిల్లకు లేవు. ఉన్నదల్లా ఫుడ్ కార్పొరేషన్‌లో ఒక ఉద్యోగం. స్పోర్ట్స్ కోటా మీద మనలో కొందరు సర్వీసులో ఉండగా ఎన్ని వ్యాఖ్యలు చేసేవారో నాకు తెలుసు. నేనూ చేశాను. రిజిస్టరులో సంతకం పెట్టి ప్రాక్టీసుకు వెళ్ళిపోతారని మూతి విరిచేవాళ్ళం. జౌ చున్‌లాన్ కథ చదివాక ఆ వ్యాఖ్యలు వెనక్కు తీసుకున్నాను.

ఆమె సంగతి 2006లో పత్రికల్లో వచ్చి దేశమంతా గగ్గోలు పుట్టింది. మహిళా సమాఖ్య సాయంతో ఆమె ఒక లాండ్రీ పెట్టుకుంది. ఆడుతున్న కాలం నుంచే ఆటగాళ్ళను పెన్షను, వైద్య బీమా పరిధిలోకి తేవాలని ఉత్తర్వులు వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. ట్సాయ్ లీ పోయి అప్పటికి మూడేళ్ళు.